మెదడులో యాంటీహిస్టమిన్ల బంధనం: ఉష్ణోగ్రత ప్రభావం

జలుబుకో దురదకో వేసుకునే యాంటీహిస్టమిన్ మందులు మెదడులోని హిస్టమిన్ హెచ్1 గ్రాహకాలను ఎంత వేగంగా పట్టుకుంటాయి, ఎంతసేపు పట్టి ఉంచుతాయి అన్నవి ఉష్ణోగ్రతను బట్టి మారతాయి. ప్రయోగశాలలో మంచు నీటి చల్లదనానికీ శరీరపు వెచ్చదనానికీ మధ్య ఈ తేడా చాలా పెద్దది. జ్వరం వచ్చిన మనిషి మెదడులో మాత్రం అది చాలా చిన్నది. ఈ రెండింటినీ కలగలిపి మాట్లాడడం వల్లే ఈ విషయం మీద అపోహలు ఎక్కువ. జ్వరంలోనూ ఎండదెబ్బలోనూ ఈ మందుల తీరు మారితే అందుకు ముఖ్య కారణాలు కాలేయంలో, చెమట గ్రంథుల్లో ఉంటాయి. హెచ్1 గ్రాహకం దగ్గర వచ్చే మార్పు పాత్ర స్వల్పం. ఈ వ్యాసంలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీల్లో ఉన్నాయి.

మందులు, గ్రాహకం

హిస్టమిన్ శరీరంలో చేసే పనులను హెన్రీ డేల్, ప్యాట్రిక్ లెయిడ్‌లా 1910లో వర్ణించారు. దానికి విరుగుడుగా పనిచేసే మొదటి పదార్థాన్ని 1937లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో డానియల్ బోవే, ఆన్-మరీ స్టాబ్ చూపించారు. అది విషపూరితం కావడంతో మందుగా పనికిరాలేదు. రోగులకు ఇవ్వదగ్గవి 1940లలో వచ్చాయి: ఫ్రాన్స్‌లో మెపిరమిన్, అమెరికాలో జార్జ్ రీవ్‌షెల్ తయారుచేసిన డైఫెన్‌హైడ్రమిన్ (బెనడ్రిల్ పేరుతో అమ్మింది దీన్నే), ఆ తరువాత ప్రోమెథజిన్, క్లోర్‌ఫెనిరమిన్. మన మందుల దుకాణాల్లో సీపీఎం అని అడిగి తీసుకునేది క్లోర్‌ఫెనిరమినే. అవిల్ దాని దగ్గరి బంధువు ఫెనిరమిన్. బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ మొదటి తరం మందులన్నిటికీ మత్తు గుణం ఉంది. హైపోథలమస్ వెనుక భాగంలోని ట్యూబరోమామిలరీ కేంద్రకంలో ఉన్న నాడీకణాలు మెదడంతటికీ హిస్టమిన్‌ను పంపుతాయి. మనల్ని మెలకువగా ఉంచే వ్యవస్థల్లో అది ఒకటి. కొవ్వులో సులువుగా కరిగే చిన్న అణువులు కాబట్టి పాత మందులు రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అవరోధాన్ని దాటిపోయి అక్కడి హెచ్1 గ్రాహకాలను ఆక్రమిస్తాయి. సెట్రిజిన్, ఫెక్సోఫెనడిన్ వంటి కొత్త తరం మందులను ఆ అవరోధంలోని పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు చాలావరకు వెనక్కి నెడుతుంది. జపాన్‌లోని తోహోకు విశ్వవిద్యాలయంలో కజుహికో యనాయ్ బృందం పెట్ స్కాన్‌తో మనుషుల మెదళ్లలో ఈ ఆక్రమణను కొలిచింది. 10 మిల్లీగ్రాముల సెట్రిజిన్‌కు అది 12 శాతం చిల్లర. ఫెక్సోఫెనడిన్‌కు దాదాపు సున్నా. 50 శాతం దాటించే మందులను మత్తు మందులుగా ఆ బృందం వర్గీకరించింది.

హెచ్1 గ్రాహకం 487 అమైనో ఆమ్లాల ప్రోటీను. కణత్వచాన్ని ఏడుసార్లు దాటుతూ మెలికలు తిరిగి ఉంటుంది. 2011లో దీని స్ఫటిక నిర్మాణం వెలువడింది. అందులో గ్రాహకపు గుంటలో కూర్చున్న మందు డాక్సెపిన్. అది కుంగుబాటుకు వాడే మందే అయినా హెచ్1ను అత్యంత గట్టిగా పట్టుకునే వాటిలో ఒకటి. మందులోని ధనావేశపు నైట్రోజన్ గ్రాహకంలోని 107వ స్థానంలో ఉన్న ఆస్పార్టేట్‌ను పట్టుకుంటుంది. మిగతా వలయాలు గుంట అడుగున నీటికి చోటులేని, నూనె స్వభావం గల భాగంలోకి దిగుతాయి. ఉష్ణోగ్రత గురించి చెప్పుకోవలసినదంతా ఈ రెండు పట్ల దగ్గరే మొదలవుతుంది: ఒకటి విద్యుదావేశాల ఆకర్షణ, రెండోది నీటిని తప్పించుకునే గుణం. వేడికి ఈ రెండూ ఒకే రకంగా స్పందించవు.

కొలిచే పద్ధతి

1977లో కేంబ్రిడ్జిలో హిల్, యంగ్, మారియన్ ట్రిటియం చేర్చిన మెపిరమిన్‌తో పేగు కండరంలోని హెచ్1 గ్రాహకాలను గుర్తించారు. మరుసటి ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో సాలమన్ స్నైడర్ బృందం అదే పదార్థంతో క్షీరదాల మెదడులో వాటిని లెక్కించింది. పద్ధతి చెప్పుకోవడానికి సులువే. మెదడు కణజాలాన్ని నూరి, త్వచాలను వేరుచేసి, రేడియోధార్మిక మందుతో కొంతసేపు ఉంచుతారు. తరువాత గాజు నార వడపోత మీద పోసి, చల్లటి ద్రావణంతో గబగబా కడిగి, వడపోత మీద మిగిలిన రేడియోధార్మికతను లెక్కిస్తారు. ఈ పనికి గినీ పంది చిన్నమెదడు పరిశోధకులకు ఇష్టమైన కణజాలం. అందులో హెచ్1 గ్రాహకాలు దండిగా ఉంటాయి. ఎలుక చిన్నమెదడులో అవి తక్కువ. పైగా మెపిరమిన్ గినీ పంది గ్రాహకాన్ని పట్టుకున్నంత గట్టిగా ఎలుక గ్రాహకాన్ని పట్టుకోదు. కాబట్టి వేర్వేరు జంతువుల మీద, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో తీసిన అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా.

కడిగే ద్రావణం మంచులా చల్లగా ఎందుకుండాలన్న చిన్న ప్రశ్నలోనే ఉష్ణోగ్రత మహిమ అర్థమవుతుంది. కడగడం మొదలుపెట్టగానే చుట్టూ ఉన్న స్వేచ్ఛా మందు పోతుంది, గ్రాహకానికి అంటుకున్న మందు విడిపోవడం మొదలవుతుంది. కడగడానికి 10 సెకన్లు పడితే, ఆ లోపల 10 శాతానికి మించి నష్టపోకుండా ఉండాలంటే మందు విడిపోయే అర్ధాయువు 1 నిమిషానికి పైన ఉండాలి. శరీర ఉష్ణోగ్రతలో అంతసేపు నిలవని మందులు ఎన్నో ఉన్నాయి. చల్లబరిస్తే వాటికీ సమయం చిక్కుతుంది.

శక్తి లెక్కలు

బంధన బలాన్ని వియోగ స్థిరాంకంతో చెబుతారు. సగం గ్రాహకాలు నిండడానికి కావలసిన మందు గాఢత అది; ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. మంచి యాంటీహిస్టమిన్లకు ఇది 1 నానోమోలార్ చుట్టుపక్కల ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర 1 నానోమోలార్ అంటే మోల్‌కు సుమారు 12.8 కిలోక్యాలరీల స్వేచ్ఛాశక్తి. ఈ మొత్తంలో ఎంథాల్పీ (వేడి మార్పిడి) వాటా ఎంత, ఎంట్రోపీ (అణువుల స్వేచ్ఛ) వాటా ఎంత అన్నదాన్ని బట్టే ఉష్ణోగ్రత ప్రభావం ఉంటుంది. 19వ శతాబ్దపు డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ ఇచ్చిన సమీకరణం ఈ పంపకాన్ని బయటపెడుతుంది. అనేక ఉష్ణోగ్రతల్లో స్థిరాంకాన్ని కొలిచి, దాని లాగరిథమ్‌ను పరమ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే వచ్చే గీత వాలే ఎంథాల్పీని చెబుతుంది.

బంధనంలో వేడి వెలువడితే చల్లదనంలో పట్టు బిగుస్తుంది. వేడిని పీల్చుకుంటూ జరిగే బంధనమైతే వెచ్చదనంలోనే బలపడుతుంది. ఎంథాల్పీ సున్నాకు దగ్గరగా ఉంటే ఎంత చల్లబరిచినా బలం పెద్దగా మారదు. నూనె స్వభావం గల మందు గుంటలోకి దిగినప్పుడు అక్కడ బిగుసుకుని ఉన్న నీటి అణువులు బయటపడి స్వేచ్ఛ పొందుతాయి. ఆ లాభం ఎంట్రోపీది. ఆవేశాల మధ్య ఆకర్షణ వల్ల వచ్చే లాభంలో మాత్రం మామూలుగా ఎంథాల్పీకి వాటా ఉంటుంది. యాంటీహిస్టమిన్లలో రెండూ ఉన్నాయి కాబట్టి ఏ మందుకు ఆ మందును కొలవాల్సిందే, అన్నిటికీ ఒకే మాట చెల్లదు.

ఒక ఊహా మందును తీసుకుందాం. గ్రాహకాన్ని చేరడానికి 10 కిలోక్యాలరీలు, విడిపోవడానికి 20 కిలోక్యాలరీలు శక్తి అడ్డంకి ఉందనుకుందాం. 37 నుంచి 4 డిగ్రీలకు దించితే అది గ్రాహకాన్ని చేరే వేగం దాదాపు 7 రెట్లు తగ్గుతుంది. విడిపోయే వేగం దాదాపు 48 రెట్లు తగ్గుతుంది. ఈ రెండింటి నిష్పత్తి వల్ల పట్టు 7 రెట్లు బిగుస్తుంది. శరీర వేడిలో 1 నిమిషం నిలిచే బంధం మంచులో ముప్పావు గంటకు పైగా నిలుస్తుంది. వేగాల్లో వచ్చే మార్పు సమతాస్థితి బలంలో వచ్చే మార్పు కన్నా ఎంతో ఎక్కువన్నది ఇక్కడ గమనించవలసింది. ఉష్ణోగ్రత ముందుగా తాకేది వేగాలనే.

మందు గ్రాహకాన్ని ఉత్తేజపరుస్తుందా, అడ్డుకుంటుందా అన్నది ఈ శక్తి పంపకంలోనే కనబడుతుందని 1970ల చివర ఒక ఆశ పుట్టింది. 1979లో వైలాండ్, మిన్నెమన్, మోలినాఫ్ టర్కీ కోళ్ల ఎర్ర రక్తకణాల్లోని బీటా గ్రాహకాల మీద చేసిన పనిలో ఉత్తేజక మందుల బంధనం ఎంథాల్పీ మీద, నిరోధకాలది ఎంట్రోపీ మీద ఆధారపడినట్టు తేలింది. ఎడినోసిన్ గ్రాహకాల్లో మాత్రం దీనికి తలకిందులైన తీరు కనిపించింది: ఉత్తేజకాలది ఎంట్రోపీ మీద, నిరోధకాలది ఎంథాల్పీ మీద. అన్ని గ్రాహకాలకూ ఒకే సూత్రం నిలవలేదు. యంగ్ బృందం 1980లలో హెచ్1 బంధనం మీద ఉష్ణోగ్రత ప్రభావాన్ని కొలిచిన నేపథ్యం ఇదే. పైగా యాంటీహిస్టమిన్లు ఊరికే అడ్డుపడే నిరోధకాలు కావని, హిస్టమిన్ లేకపోయినా తనంతట తాను కొద్దిగా పనిచేస్తూ ఉండే గ్రాహకాన్ని నిద్రాణ రూపంలో నిలిపే విలోమ ఉత్తేజకాలని 2000 తరువాత స్పష్టమైంది. గ్రాహకపు రెండు రూపాల మధ్య సమతుల్యం కూడా ఉష్ణోగ్రతతో మారగలదు. అప్పుడు వాంట్ హాఫ్ గీత సరళరేఖగా రాకుండా వంగుతుంది, దాని నుంచి ఒకే ఎంథాల్పీ విలువ తీయడం సాహసమే అవుతుంది.

చల్లదనం పెట్టే చిక్కులు

ప్రచురితమైన ఉష్ణోగ్రత ఫలితాలను చదివేటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న: సమతాస్థితి వచ్చేదాకా ఆగారా? లీవోసెట్రిజిన్‌ను చూడండి. బెల్జియం కంపెనీ యూసీబీ పరిశోధకులు మిషెల్ గిలార్డ్, సహచరులు 2002లో ప్రచురించిన కొలతల ప్రకారం మానవ హెచ్1 గ్రాహకం నుంచి ఇది 37 డిగ్రీల దగ్గర విడిపోయే అర్ధాయువు 142 నిమిషాలు. దాని అద్దపు ప్రతిబింబం డెక్స్‌ట్రోసెట్రిజిన్‌ది 6 నిమిషాలే. గ్రాహకంలోని 191వ స్థానంలో ఉన్న లైసిన్‌ను మారిస్తే ఈ తేడా చాలావరకు చెరిగిపోతుంది. మందులోని ఆమ్ల భాగాన్ని పట్టుకునేది ఆ లైసినే. తక్కువ గాఢతలో సమతాస్థితికి దాదాపు అయిదు అర్ధాయువులు కావాలి. లీవోసెట్రిజిన్‌కు అంటే 37 డిగ్రీల్లోనే దాదాపు 12 గంటలు. అదే ప్రయోగాన్ని 4 డిగ్రీల్లో గంట సేపు చేసి, చల్లదనంలో ఈ మందు బలం తగ్గిందని రాస్తే, ఆ వాక్యం గడియారం గురించి చెబుతున్నట్టే గాని గ్రాహకం గురించి కాదు. రాత్రంతా ఉంచుదామంటే ఇంకో ఇబ్బంది: వెచ్చగా ఉంచిన త్వచాల్లో ఎంజైములు గ్రాహకాన్ని కొరికేస్తాయి. చల్లగా ఉంటే గ్రాహకం భద్రంగా ఉంటుంది గాని పని తెమలదు.

రెండో చిక్కు ద్రావణానిది. ఈ ప్రయోగాల్లో ట్రిస్ అనే బఫర్ వాడకం ఎక్కువ. దాని పీహెచ్ ఒక్కో డిగ్రీకి 0.03 దాకా జారుతుంది. 25 డిగ్రీల్లో 7.4కు సరిచేసిన ట్రిస్, శీతల గదిలో 8.0కు ఎక్కుతుంది, 37 డిగ్రీల్లో 7.1 కన్నా కిందికి దిగుతుంది. మందులోని నైట్రోజన్ ఆవేశమూ గుంటలోని అమైనో ఆమ్లాల ఆవేశమూ పీహెచ్‌ను బట్టే ఉంటాయి కాబట్టి, ఉష్ణోగ్రత ప్రభావంగా నమోదైనదాంట్లో కొంత ఆమ్లత్వానిది కావచ్చు. ఫాస్ఫేట్ బఫర్‌తో ఈ గొడవ చాలా తక్కువ. అయితే 2011 స్ఫటిక నిర్మాణంలో మందు గుంట మీద ఒక ఫాస్ఫేట్ అయాన్ కూర్చుని ఉంది, అది బంధనాన్ని ప్రభావితం చేయగలదు. అంటే ఇక్కడ ఏ బఫరూ పూర్తి తటస్థం కాదు.

మూడోది, మందు అంటుకున్నదల్లా హెచ్1 కాకపోవచ్చు. ఎలుక కాలేయంలో మెపిరమిన్ గట్టిగా పట్టుకునే ఒక చోటు సైటోక్రోమ్ పీ450 ఎంజైమని తరువాత తెలిసింది. త్వచపు కొవ్వులో మందు కరగడం, వడపోత గాజుకు అంటుకోవడం కూడా ఉష్ణోగ్రతతో మారతాయి. చల్లబరిస్తే త్వచమే బిగుసుకుంటుంది. బతికున్న కణాలతో ప్రయోగం చేస్తే గ్రాహకాలు కణం లోపలికి పోవడం కూడా చల్లదనంలో ఆగిపోతుంది.

బతికున్న మెదడులో

పై ఊహా మందుతోనే 37 నుంచి 40 డిగ్రీల జ్వరానికి వెళ్దాం. వియోగ స్థిరాంకం దాదాపు 17 శాతం పెరుగుతుంది. 37 డిగ్రీల్లో సగం గ్రాహకాలను నింపిన మోతాదు ఇప్పుడు 46 శాతం నింపుతుంది. ఒకే మాత్ర వేసుకున్న ఇద్దరు మనుషుల రక్తంలో మందు స్థాయిల మధ్య మామూలుగా ఉండే తేడాల ముందు ఇది లెక్కలోకి రాదు. జ్వరంలో జలుబు మాత్ర మరీ మత్తెక్కించిందంటే అందులో జ్వరపు నీరసానికి, నిద్రలేమికి ఉన్న వాటా హెచ్1 బంధన బలంలో వచ్చిన మార్పు కన్నా ఎక్కువ.

అసలు 37 అనేదే మెదడుకు సరిగ్గా అతికే అంకె కాదు. కేంబ్రిడ్జి ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ లేబొరేటరీ పరిశోధకులు 2022లో ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మెదళ్ల వేడిని ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీతో కొలిచారు. సగటు 38.5 డిగ్రీలు వచ్చింది. లోతైన భాగాలు పగటిపూట 40 దాటిన సందర్భాలూ ఉన్నాయి. శరీర ఉష్ణోగ్రత 37 కాబట్టి అక్కడే కొలిచామంటూ ప్రయోగశాలలు చెప్పుకునే సమర్థన దీనితో కొంచెం వదులైంది. హైపోథలమస్‌లోనూ మెదడు పైపొరలోనూ ఉన్న ఒకే రకం గ్రాహకాలు ఒకే వేడిలో పనిచేయడం లేదు మరి.

గుండె ఆగి బతికిన రోగులను కొన్నిచోట్ల 32 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంచుతారు. 33 డిగ్రీల్లో మన ఊహా మందు పట్టు 24 శాతం బిగుస్తుంది. దానికన్నా పెద్ద మార్పు కాలేయంలో ఉంటుంది. సైటోక్రోమ్ ఎంజైములు చల్లదనంలో మందగిస్తాయి, మందు రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. మత్తుమందు మిడజొలామ్ విషయంలో ఇది రోగుల్లోనే కనిపించింది. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ కూడా సైటోక్రోమ్‌ల మీదే ఆధారపడతాయి.

చల్లబరచడానికీ యాంటీహిస్టమిన్లకూ చరిత్రలో ఒక చిత్రమైన బంధుత్వం ఉంది. ఫ్రెంచి నౌకాదళ సర్జన్ హెన్రీ లాబొరీ 1950ల తొలినాళ్లలో శస్త్రచికిత్స షాక్‌ను తగ్గించడానికి ‘కృత్రిమ శీతనిద్ర’ ప్రయత్నించాడు. ఆయన మందుల మిశ్రమంలో ప్రోమెథజిన్ ఉండేది. శరీరం చల్లదనాన్ని ఎదిరించి వణకకుండా అణచడం ఆ మిశ్రమం పని. అదే అన్వేషణలో ప్రోమెథజిన్ వంశంలోంచే క్లోర్‌ప్రోమజిన్ వచ్చి మానసిక వైద్యాన్ని మలుపు తిప్పింది. అక్కడ కూడా ప్రశ్న మందు ఉష్ణోగ్రతను ఏం చేస్తుందనేదే గాని, ఉష్ణోగ్రత మందును ఏం చేస్తుందని కాదు. రెండు దిశలూ నిజమే: ఎలుకల హైపోథలమస్ ముందు భాగంలోని ప్రీఆప్టిక్ ప్రాంతంలో హిస్టమిన్ ప్రవేశపెడితే శరీర వేడి పెరుగుతుంది. అందులో హెచ్1కూ పాత్ర ఉంది.

4 డిగ్రీల ప్రయోగానికి ప్రకృతిలో నిజమైన జోడీ శీతనిద్రపోయే జంతువులే. ఉత్తర అమెరికా నేల ఉడుతల మెదడు శీతాకాలంలో కొన్ని డిగ్రీల దాకా దిగుతుంది. ఫిన్లాండ్‌లో పెర్టీ పనులా బృందం చూసినప్పుడు, మిగతా నాడీ చర్యలు అణగిపోయిన ఆ కాలంలో హిస్టమిన్ వ్యవస్థ మాత్రం చురుకుగా కనబడింది. హిప్పోకాంపస్‌లో హిస్టమిన్ గ్రాహకాలు కూడా మారాయి. మెలకువ రసాయనంగా పేరుపడ్డది గాఢ సుప్తిలో పెరగడం వింతే. శీతల గదిలో కొలిచిన బంధన వేగాలు ఒక బతికున్న మెదడుకు నేరుగా వర్తించగలిగే చోటు ఇదొక్కటే.

ఎండ

వేసవిలో ఈ మందుల అసలు ప్రమాదం మరో గ్రాహకం దగ్గర ఉంది. మొదటి తరం యాంటీహిస్టమిన్లు హెచ్1తో పాటు ఎసిటైల్‌కోలిన్ మస్కరినిక్ గ్రాహకాలనూ అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం అందువల్లే. చెమట గ్రంథులు పనిచేసేదీ ఆ గ్రాహకాలతోనే. 40 డిగ్రీలు దాటిన గాలిలో శరీరం వేడిని వదిలించుకోవడానికి మిగిలే దారి చెమట ఒక్కటే, మందు దాన్నే తగ్గిస్తుంది. 2015 మే నెల వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లు. అలాంటి రోజుల్లో మధ్యాహ్నం పొలంలోనో ఇటుక బట్టీలోనో పనిచేసే మనిషి, వృద్ధులు, మానసిక రుగ్మతలకు ఇతర మందులు వాడేవాళ్లు జలుబు మాత్ర విషయంలో జాగ్రత్తగా ఉండాలనడానికి కారణం ఇది. ఫెక్సోఫెనడిన్, సెట్రిజిన్, లొరాటడిన్ వంటి వాటికి మస్కరినిక్ గ్రాహకాల మీద పట్టు చాలా తక్కువ.

డైఫెన్‌హైడ్రమిన్ అతి మోతాదులో మింగితే ఇదే క్రియ తీవ్రరూపంలో కనిపిస్తుంది: చర్మం ఎర్రగా, పొడిగా కాలిపోతుంటుంది, కనుపాపలు విచ్చుకుంటాయి, మనిషి కలవరిస్తాడు. ఇక్కడ పారాసిటమాల్ పనిచేయదు. జ్వరంలో హైపోథలమస్ తన లక్ష్య ఉష్ణోగ్రతను పైకి జరుపుకుంటుంది, పారాసిటమాల్ దాన్ని కిందికి దించుతుంది. ఈ స్థితిలో లక్ష్యం మారలేదు, వేడి బయటికి పోయే దారి మూసుకుంది. అందుకే ఆసుపత్రిలో ఒళ్లు తడిపి గాలి పట్టించడం, ఐసు వాడడం, ఉద్రేకాన్ని తగ్గించడానికి బెంజోడయజపైన్లు ఇవ్వడం చేస్తారు. ఎంచుకున్న కొందరిలో మస్కరినిక్ నిరోధాన్ని తిప్పికొట్టే ఫైసోస్టిగ్మిన్ కూడా వాడతారు.